అమ్మమ్మకు వచ్చింది, రేపు నాకూ వస్తుందా?

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్లను మైకు దగ్గరకు పిలిస్తే చదువు, క్రమశిక్షణ, సెల్‌ఫోను ఈ మూడూ తప్ప ఇంకోటి మాట్లాడరని మీకు తెలుసు, మాకూ తెలుసు. ఈసారి ఆ మూడూ పక్కన పెడుతున్నాం. మా హాస్టల్లో ఒక పిల్ల ఒక ప్రశ్న అడిగింది. మేము తప్పు జవాబు చెప్పాం. సరైన జవాబు వెతుక్కోవడానికి చాలా రోజులు పట్టింది. వెతికినదంతా మీ ముందు పెట్టి కూర్చుంటాం.

మూడేళ్ల కిందటి మాట. దసరా సెలవులయ్యాక ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వారం ఆలస్యంగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి మాట లేదు. కంచంలో అన్నం కెలికి లేచిపోయేది. చివరికి వంటమ్మ దగ్గర బయటపడింది. వాళ్ల అమ్మమ్మ కొంతకాలంగా తేడాగా ఉంటోందట. నీళ్లు పోయకుండా ఖాళీ కుండ పొయ్యి మీద పెడుతోంది. నలభై ఏళ్లు నడిచిన పోడు దారి మరిచిపోయి అవతలి కొండ మీద తేలుతోంది. ఎప్పుడో పోయిన కొడుకును పేరు పెట్టి పిలుస్తూ రాత్రిళ్లు ఊరంతా తిరుగుతోంది. అదే నెలలో పక్కింటి పసిబిడ్డ జ్వరంతో చనిపోయింది. ఊళ్లో వాళ్లు ఈ రెండింటినీ ముడిపెట్టారు. ముసలామెకు చిల్లంగి తెలుసన్నారు, రాత్రిళ్లు తిరిగేది అందుకేనన్నారు. ఆ విద్య తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగుతుందని కూడా అన్నారు.

స్టడీ అవర్ అయ్యాక ఆ పిల్ల మా గది గుమ్మంలో నిలబడి అడిగింది. "మేడం, అమ్మమ్మకి వచ్చింది. రేపు అమ్మకి వస్తాదంట. ఆ తర్వాత నాకంట. నిజమేనా?"

"అలాంటివేం రావు, పోయి పడుకో" అన్నాం.

చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పెద్దవాళ్లు తమకు భయం వేసినప్పుడే 'ఏం లేదు' అంటారని పిల్లలకు బాగా తెలుసు. మేము దాస్తున్నామనుకుంది. పదిహేను రోజుల్లో తండ్రి వచ్చి తీసుకుపోయాడు. ఆ ఏడు సంవత్సర పరీక్షలకు రాలేదు.

మేము జీవశాస్త్రంలో బీఈడీ చేసినవాళ్లం. మెండెల్ బఠాణీ మొక్కల పాఠం ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు. పొడుగు మొక్క, పొట్టి మొక్క, మూడుకు ఒకటి, నాలుగు మార్కులు. ఆ పాఠం మన ఇంట్లో మనుషుల గురించి కూడా అని పిల్లలకు ఏనాడూ చెప్పలేదు. మాకూ తట్టలేదు. ఆ పిల్ల ప్రశ్న పాఠం లోపలి ప్రశ్నే. మేమే పోల్చుకోలేదు.

ముందు మెదడు సంగతి. చర్మం తెగితే కొత్త చర్మం వస్తుంది. మెదడులోని నాడీకణాలు అలా కాదు. పుట్టుకతో వచ్చినవే దాదాపు చివరిదాకా పనిచేయాలి. అవి కొద్దికొద్దిగా చచ్చిపోతూ ఉండే జబ్బులు కొన్ని ఉన్నాయి. జ్ఞాపకాన్ని చూసే భాగంలో మొదలైతే అల్జీమర్స్ అంటారు. కదలికను చూసే భాగంలో మొదలై చేతులు వణికి, అడుగు సాగకపోతే పార్కిన్సన్స్. ఒళ్లు తన ఇష్టం లేకుండా మెలికలు తిరుగుతూ, బుద్ధీ కోపమూ కూడా మారిపోతే హంటింగ్టన్స్. ఈ జబ్బుల్లో చాలావాటి వెనక ఒకే రకం పాడు పని కనిపిస్తుంది. కణంలో ఉండాల్సిన ప్రోటీన్ సరిగా మడతపడక గడ్డకట్టి పేరుకుపోతుంది. ఆ ప్రోటీన్ ఎలా తయారవ్వాలో రాసి ఉన్న రాతే జన్యువు. సగం రాత అమ్మది, సగం నాన్నది.

రాత తప్పయితేనే జబ్బా? రాత సరిగ్గా ఉన్నా జబ్బు రావచ్చా? దీనికి జవాబు మన దేశంలో కాదు, చాలా దూరాన మనలాంటి ఒక కొండజాతి దగ్గర దొరికింది.

పాపువా న్యూగినీ తూర్పు కొండల్లో ఫోరే అనే జాతి ఉంది. ఇళ్ల చుట్టూ చిలగడదుంప తోటలు, పందుల పెంపకం, వంశాల వారీగా ఊళ్లు. 1950ల్లో వాళ్ల ఆడవాళ్లు ఒక జబ్బుతో వరసగా చనిపోతూ వచ్చారు. ముందు నడకలో తడబాటు, తర్వాత ఒళ్లంతా వణుకు, తర్వాత కూర్చోలేరు, చివరికి మింగలేరు. ఏడాది తిరిగేసరికి మనిషి ఉండదు. వాళ్ల భాషలో ఆ జబ్బు పేరు కురు, అంటే వణుకు. పదకొండు వేల మంది ఉన్న జాతిలో ఏటా రెండు వందల మంది దాకా పోయారు. ఎక్కువ మంది ఆడవాళ్లు, తర్వాత పిల్లలు. మగవాళ్లు తక్కువ. కొన్ని ఊళ్లలో భార్యలు లేక తండ్రులే పసిపిల్లల్ని సాకారు.

వాళ్లేమనుకున్నారో మీరు ఊహించగలరు. చేతబడి అనుకున్నారు. ఎవరో శత్రువు మనిషి తిని పారేసిన తొక్కో, తెగిన వెంట్రుకో తీసుకుపోయి ఆకుల్లో చుట్టి పాతిపెట్టాడని నమ్మారు. అనుమానం మీద మనుషుల్ని చంపారు కూడా. 1960ల మొదట్లో ఊళ్లకు ఊళ్లు ఒకచోట సభలు పెట్టుకుని, ఎవరు చేస్తున్నారో ఆపండి, మన ఆడవాళ్లు అయిపోతున్నారు అని బతిమాలుకున్నారు. ఇది చదివినప్పుడు మాకు ఆ పిల్ల ఊరే కళ్ల ముందు కనిపించింది.

1957లో విన్సెంట్ జిగాస్ అనే వైద్యాధికారి, కార్ల్‌టన్ గజ్డుసెక్ అనే అమెరికా శాస్త్రవేత్త కలిసి ఈ జబ్బు గురించి బయటి లోకానికి రాశారు. అప్పుడు చదువుకున్నవాళ్లు ఏమన్నారు? ఒకే జాతిలో, ఆ జాతిలోనూ కొన్ని కుటుంబాల్లో కనిపిస్తోంది కాబట్టి ఇది జన్యువు వల్లే వస్తోందన్నారు. పాడు జన్యువు బయటికి పాకకుండా ఫోరే మగవాళ్లను కొండ దిగనివ్వకూడదా అనే ఆలోచన కూడా ఆనాటి పాలకుల్లో నడిచింది. తమ్ముళ్లూ, ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. చేతబడి అన్న మాట ఒక మనిషిని వెలివేస్తే, రక్తమే చెడ్డది అన్న మాట జాతినంతా వెలివేయగలదు. రెండోది చదువుకున్నవాళ్ల నోట వస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు.

ఎదురు చెప్పినవాళ్లు ఇద్దరు. షర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అనే మానవశాస్త్రవేత్తలు 1961లో వెళ్లి ఫోరే ఊళ్లలోనే కాపురమున్నారు. వాళ్లు సూదులూ సీసాలూ పట్టుకుపోలేదు. ముసలివాళ్ల దగ్గర కూర్చుని, మీ ఊళ్లో మొదట ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఆమెది ఏ ఊరు, ఎవరింటికి కోడలుగా వచ్చింది అని అడిగారు. ముసలివాళ్లు ఊరూరికీ వరస చెప్పారు. కురు తమ తాతల కాలంలో లేదని, తమకు తెలిసిన కాలంలోనే ఒక్కో ఊరికీ పాకుతూ వచ్చిందని తేలింది. జన్యువైతే అంత తొందరగా పాకదు. పైగా చనిపోయిన ఆడవాళ్లలో చాలామంది కోడళ్లు, ఒకరికొకరు రక్తసంబంధం లేనివాళ్లు. చదువు రాని ముసలివాళ్ల జ్ఞాపకం జన్యు సిద్ధాంతాన్ని అలా పక్కకు నెట్టింది.

మరి ఏమిటది? ఫోరే వాళ్లు చనిపోయిన తమవాళ్లను మట్టిలో పురుగులకు వదలడం ఇష్టం లేక, ప్రేమతో, మర్యాదగా తమలో కలుపుకునేవాళ్లు. ఆ దేహాన్ని వండుకుని తినేవాళ్లు. మెదడు భాగం ఎక్కువగా ఆడవాళ్లకు, వాళ్ల వెంట ఉండే పిల్లలకు అందేది. దీన్ని విని మొహం చిట్లించకండి. మన పద్ధతుల గురించి బయటివాళ్లు మొహం చిట్లించినప్పుడు మనకెలా ఉంటుందో ఒకసారి తలుచుకోండి. 1950ల్లో ఆస్ట్రేలియా పాలకులు ఆ ఆచారాన్ని నిషేధించారు. కొన్నేళ్లలో అది ఆగిపోయింది. ఆగిన తర్వాత పుట్టిన పిల్లల్లో ఒక్కరికీ కురు రాలేదు. 1966లో, జబ్బు మనిషి మెదడు పదార్థం ఎక్కించిన చింపాంజీలకు అదే జబ్బు వచ్చినట్టు ప్రకటించారు. అంటే ఇది అంటుకునే జబ్బు. అయితే క్రిమి లేదు. 1982లో స్టాన్లీ ప్రుసినర్ దానికి ప్రియాన్ అని పేరు పెట్టాడు. మడత చెడిన ప్రోటీన్ అది. పక్కన ఉన్న మంచి ప్రోటీన్‌ను కూడా తనలాగే చెడగొడుతుంది. మా స్టోర్ రూములో పురుగు పట్టిన ఒక్క బియ్యం బస్తాను గమనించకపోతే నెల తిరిగేసరికి వరసంతా ఏమవుతుందో వార్డెన్లకు వేరే చెప్పనక్కర్లేదు. గజ్డుసెక్‌కు 1976లో, ప్రుసినర్‌కు 1997లో నోబెల్ ఇచ్చారు. ఫోరే ముసలివాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇక్కడితో జన్యువు కథ అయిపోయిందనుకున్నాం మేము. కాలేదు. ఆ ప్రోటీన్ తయారీ రాత 20వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ రాతలోనే తప్పు ఉన్న కుటుంబాలు ప్రపంచంలో అక్కడక్కడా ఉన్నాయి. వాళ్లకు ఏమీ అంటుకోకుండానే, తల్లి నుంచో తండ్రి నుంచో కురు లాంటి జబ్బు వస్తుంది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ విందుల్లో చాలాసార్లు పాల్గొని కూడా జబ్బు రాని ఫోరే ముసలమ్మలు ఉన్నారు. వాళ్లేమీ తినలేదా? తిన్నారు. వాళ్ల రక్తం పరీక్షించి చూస్తే, కురు బాగా ముదిరిన లోయల్లోని కొందరిలో ఆ రాతలో ఒకే ఒక్క అక్షరం మారి ఉంది. ఆ మార్పు గురించి 2009లో ప్రకటించారు. అదే మార్పును ఎలుకల్లో పెట్టి చూస్తే ప్రియాన్ వాటిని ఏమీ చేయలేకపోయిందని 2015లో రాశారు. చెడ్డ రక్తం అన్న జాతిలోనే కాపాడే రాత దొరికింది.

ఇలాంటిది మనకూ ఒకటుంది. సికిల్ సెల్ జన్యువు ఒక్కటి ఉన్నవాళ్లకు మలేరియా ముదిరి ప్రాణం మీదకు రావడం తక్కువ. మన్యంలో మలేరియా అంటే ఏమిటో ఈ సభలో తెలియనివాళ్లుండరు. ఆ జన్యువు మనలాంటి చోట్ల ఎందుకు నిలిచిందో దాన్ని బట్టి తెలుస్తుంది. రెండు ఉంటే మాత్రం అది ఎంత బాధో మా హాస్టల్లో రాత్రిళ్లు కాళ్లు పట్టుకుని ఏడ్చే పిల్లలు చెబుతారు.

ఇప్పుడు రెండో కథ. ఇది మొదటిదానికి తిరగేసిన కథ.

దక్షిణ అమెరికాలో వెనెజులా దేశం. అక్కడ మారకైబో అనే పెద్ద సరస్సు, ఒడ్డున చేపలు పట్టుకునే బీద ఊళ్లు. 1950ల్లో అమెరికో నెగ్రెట్ అనే యువ డాక్టరు అక్కడికి వచ్చాడు. వీధుల్లో జనం తూలుతూ నడుస్తుంటే తాగేసి ఉన్నారనుకున్నాడు. తాగలేదు, జబ్బు అని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. వాళ్లు దాన్ని 'ఎల్ మాల్' అనేవాళ్లు, అంటే చెడుగు. నెగ్రెట్ పరీక్షించి అది హంటింగ్టన్స్ అని గుర్తుపట్టాడు. జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా డాక్టరు 1872లో రాసిన జబ్బు అది. సాధారణంగా 30 నుంచి 50 ఏళ్ల వయసులో మొదలవుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లపాటు మనిషిని కొంచెం కొంచెంగా తీసుకుపోతుంది. మొదలయ్యేసరికి పెళ్లయి, పిల్లలు పుట్టేసి ఉంటారు. అదే దాని దొంగతనం.

నాన్సీ వెక్స్‌లర్ అనే ఆమె అమెరికాలో మనస్తత్వశాస్త్రం చదివింది. 1968లో వాళ్ల అమ్మకు ఈ జబ్బే ఉందని తేలింది. అంటే నాన్సీకి, ఆమె అక్కకు వచ్చే అవకాశం సగానికి సగం. 1979లో నాన్సీ మొదటిసారి మారకైబో వెళ్లింది. 1981 నుంచి ఏటా ఒక బృందంతో వెళ్లింది. రక్తం ఇవ్వడానికి జనం భయపడ్డారు. మీకేం, మీ దేశంలో ఈ జబ్బు ఉండదు కదా అనుకున్నారు. మా అమ్మ దీనితోనే పోయింది, నేనూ మీలాంటిదాన్నే అని చెప్పింది. తన చర్మం ముక్క పరీక్షకు తీసిన మచ్చ ఆమె చేతి మీద ఉంది. బృందంలోని ఒక నర్సు ఆ చెయ్యి ఎత్తిపట్టుకుని అందరికీ చూపించింది. అప్పుడు చేతులు చాచారు.

వాళ్లు గీసిన వంశవృక్షంలో 18 వేలకు పైగా మనుషులున్నారు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట బతికిన ఒక స్త్రీ దగ్గర ఆ కొమ్మలన్నీ కలిశాయి. నాలుగు వేల మందికి పైగా రక్తం ఇచ్చారు. 1983లో ఆ జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని జేమ్స్ గుసెల్లా బృందం పట్టుకుంది. పదేళ్ల తర్వాత 1993లో ఆ జన్యువే చేతికి దొరికింది.

అందులో ఏముంది? డీఎన్‌ఏ అంతా నాలుగు అక్షరాల రాత. ఆ జన్యువులో ఒకచోట సి, ఏ, జి అనే మూడక్షరాల మాట వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ధింసాలో తుడుము మీద ఒకే దరువు తిరిగి తిరిగి పడుతుందే, అలా అనుకోండి. ఇది అందరిలోనూ ఉంటుంది. 26 సార్లు, అంతకు తక్కువ పడితే భయం లేదు. 27 నుంచి 35 దాకా ఆ మనిషికి జబ్బు రాదు, పిల్లల్లో దరువు పెరిగే వీలుంది. 36 నుంచి 39 దాకా కొందరికి వస్తుంది, కొందరికి రాదు. 40, ఆపైన పడితే నిండు ఆయుష్షు బతికిన మనిషికి వచ్చి తీరుతుంది. ఎంత ఎక్కువ పడితే అంత చిన్న వయసులో వస్తుంది. ఇక్కడ కూడా రాత ఒక్కటే అంతా కాదని మారకైబో కుటుంబాలే చూపించాయి. ఒకే లెక్క ఉన్న ఇద్దరికి వేరువేరు వయసుల్లో మొదలవుతుంది. మిగతా జన్యువులకూ, బతికిన తీరుకూ దానిలో వాటా ఉంది.

సగానికి సగం అన్న మాట దగ్గర పిల్లలు ఎప్పుడూ తప్పు పడతారు కాబట్టి చెబుతాం. అమ్మకో నాన్నకో ఆ జన్యువు ఉంది. నలుగురు పిల్లలు. అయితే ఇద్దరికే వస్తుందా? కాదు. గవ్వ వేసినట్టు ప్రతి కాన్పుకీ కొత్తగా వేస్తారు. నలుగురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. పెద్దోడికి వచ్చింది కాబట్టి చిన్నోడు తప్పించుకున్నాడనేది లేదు. సికిల్ సెల్ లెక్క వేరు. అందులో అమ్మానాన్నలిద్దరి దగ్గరా ఆ జన్యువు ఉంటేనే, ప్రతి కాన్పుకీ నాలుగోవంతు అవకాశంతో బిడ్డకు జబ్బు వస్తుంది. అందుకే మేనరికం అక్కడ లెక్కలోకి వస్తుంది. హంటింగ్టన్స్‌కు మేనరికంతో పని లేదు, ఒక వైపు నుంచి వస్తే చాలు.

ఇంకో మాట. కిల్లో వాళ్లు కిల్లో వాళ్లను చేసుకోరు, కొర్రా వాళ్లు కొర్రా వాళ్లను చేసుకోరు. పెద్దల కట్టు మంచిదే. కానీ ఇంటిపేరు నాన్న వైపే నడుస్తుంది, జన్యువు అలా నడవదు. అమ్మ ఇంటిపేరు మార్చుకుని వస్తుంది, రాత మార్చుకుని రాదు. వంశవృక్షం గీసేటప్పుడు మన పిల్లలు అమ్మమ్మ వైపు కొమ్మ వదిలేస్తారు. మేము వెనక్కి పంపి మళ్లీ గీయిస్తాం.

మరి ఆ పిల్ల అమ్మమ్మ సంగతి? విశాఖ ఆసుపత్రికి తీసుకుపోయాం. తండ్రిని ఒప్పించడానికి మూడు ఆదివారాలు పట్టింది. డాక్టరమ్మ ముందు థైరాయిడ్ చూసింది, బీ12 చూసింది, తలకు దెబ్బేమైనా తగిలిందా అని స్కాన్ తీయించింది. ఎందుకంటే అవి కూడా మతిమరుపు తెస్తాయి, వాటికి మందు ఉంది. మందుతో బాగుపడే మనిషిని చిల్లంగిదని ఊరవతల పెట్టిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో అని ఆ వరండాలో కూర్చున్నప్పుడు అనిపించింది. ఈమెకు మాత్రం అవేవీ కావు. వయసుతో వచ్చే అల్జీమర్స్ అని చెప్పారు.

అల్జీమర్స్‌లో ఒకే ఒక్క జన్యువు తప్పు వల్ల తరం తరం వచ్చే రకం ఉంది. చాలా అరుదు. నలభై, యాభై ఏళ్లకే మొదలవుతుంది. కొలంబియా దేశంలో ఆంటియోకియా కొండల్లో అలాంటి పెద్ద కుటుంబాలున్నాయి, ఫ్రాన్సిస్కో లోపెరా అనే డాక్టరు జీవితమంతా వాళ్ల వెంట తిరిగాడు. మిగతా అందరిదీ, అంటే డెబ్భై దాటాక వచ్చేది, అలాంటిది కాదు. అందులో జన్యువు మాట ఉంది, తీర్పు లేదు. ఏపీఓఈ అనే జన్యువులో నాలుగో రకం ఉన్నవాళ్లకు అవకాశం పెరుగుతుంది. అది ఉండి కూడా తొంభై ఏళ్లు మతి చెడకుండా బతికేవాళ్లున్నారు, లేకుండా జబ్బు తెచ్చుకునేవాళ్లున్నారు. బీపీ, షుగరు, చెవుడు, తలదెబ్బలు, పొగ, తాగుడు, చిన్నప్పుడు బడికి పోకపోవడం ఇవన్నీ కలుస్తాయి. ఇలాంటి 14 కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలో మతిమరుపు జబ్బుల్లో దాదాపు 45 శాతం రాకుండానో ఆలస్యంగానో చేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్క కట్టింది. చదువు గురించి మాట్లాడం అన్నాం. అయినా వచ్చేసింది చూశారా.

హంటింగ్టన్స్ లాంటివాటికి ముందే తెలిపే రక్తపరీక్ష ఉంది. చేయించుకోవాలా? ఆ జన్యువు కోసం అంత తిరిగిన నాన్సీ వెక్స్‌లర్, పరీక్ష వచ్చాక తన ఫలితం సంగతి ఏళ్ల తరబడి లోకానికి చెప్పలేదు. తనకూ ఆ జబ్బు ఉందని 2020లో బయటపెట్టింది. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా హక్కే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు, మందు లేని ఇలాంటి పెద్దవయసు జబ్బుల పరీక్ష ముందుగా చేయకూడదనేది వైద్యుల నియమం. అమ్మానాన్నలు అడిగినా చేయరు. పెద్దవాళ్లకైనా ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు. దాన్ని జన్యు సలహా అంటారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ లాంటి చోట్ల ఆ పని జరుగుతుంది. సికిల్ సెల్ అలా కాదు. చికిత్స ఉంది, పెళ్లికి ముందే తెలిస్తే మేలు. 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ కింద నలభై ఏళ్లలోపు వాళ్లకు పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. చేయించుకోండి. ఆ కార్డు సంబంధం చెడగొట్టడానికి వాడేవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. ఇద్దరూ కలిసి చూసుకోవాల్సిన కార్డును పిల్ల వైపు నుంచే అడుగుతున్నారు. ఇది మీరే సరిచేయాలి, తమ్ముళ్లూ.

రక్తం ఇచ్చేటప్పుడు ఎందుకు అని అడగండి. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అనే చిన్న జాతి ఉంది. 1990 నుంచి వాళ్లు షుగరు జబ్బు పరిశోధన అనుకుని విశ్వవిద్యాలయానికి రక్తం ఇచ్చారు. అదే రక్తంతో మానసిక జబ్బుల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారన్నదాని మీద కూడా పరిశోధనలు చేశారు. 2003లో ఆ జాతి యువతి ఒకామె విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి ప్రసంగానికి వెళ్లి, అక్కడ లేచి ఒక ప్రశ్న అడిగింది. ఆ రక్తం దీనికి వాడడానికి అనుమతి ఉందా అని. 2010లో రాజీ కుదిరింది. ఏడు లక్షల డాలర్లు ఇచ్చారు, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చారు. వాళ్లు దాన్ని తమ లోయకు తీసుకుపోయారు. మారకైబో వాళ్లకు అంత కూడా దక్కలేదు. వాళ్ల రక్తం లేకపోతే ఆ పరీక్ష ఇవాళ ఎక్కడా ఉండేది కాదు. వాళ్ల కోసం అక్కడ పెట్టిన ఆశ్రమం కొన్నేళ్లు నడిచి మూతపడింది. 2017లో రోమ్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఈ జబ్బు ఉన్న కుటుంబాలను పిలిపించి కౌగిలించుకున్నప్పుడు వాళ్లలో మారకైబో పిల్లవాడూ ఉన్నాడు.

ఆ పిల్ల మరుసటి ఏడు తిరిగి వచ్చింది. ఈసారి చార్టు మీద వాళ్ల కుటుంబం చెట్టు గీయించి, అమ్మమ్మ వైపు కొమ్మలో ఎవరెవరికి ఏ వయసులో ఏమైందో వాళ్ల అమ్మను అడిగి రాసుకు రమ్మన్నాం. అమ్మమ్మ తోబుట్టువులు నలుగురిలో ఎవరికీ ఇది రాలేదు. అమ్మమ్మకు కూడా డెబ్భై దాటాకే వచ్చింది. ఆ చార్టు ముందు కూర్చోబెట్టి చెప్పాం. "నీకు రాదని మేము రాసి ఇవ్వలేం. ముసలితనంలో ఎవరికైనా రావచ్చు, మాకూ రావచ్చు. అమ్మమ్మకు వచ్చింది కాబట్టి అమ్మకు, తర్వాత నీకు వరసగా దిగే రకం కాదిది." ఆమె చాలాసేపు చార్టు చూసింది. "మరి అప్పుడు ఎందుకు చెప్పలేదు మేడం?" అంది. తెలియక అన్నాం.

ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఇంకా ఆ ఇంటి ముందు నుంచి నడవరు. చుట్టూ తిరిగి పోతారు. అమ్మమ్మ మనవరాలిని కూతురి పేరుతో పిలుస్తుంది. ఆ పిల్ల పలుకుతుంది. రాత్రిళ్లు తలుపుకు గొళ్లెం పైన పెట్టారు, పొయ్యి దగ్గర ఒక్కదాన్నీ వదలరు, మెళ్లో పేరు, ఊరు, ఫోను నంబరు రాసిన బిళ్ల కట్టారు. బిళ్ల ఆలోచన పిల్లదే.

మాకిచ్చిన సమయం ఎప్పుడో దాటింది, సంఘం కార్యదర్శి గారు రెండుసార్లు గడియారం చూపించారు. భోజనాల దగ్గర మేము ఎడమ వైపు చెట్టు కింద ఉంటాం. ఇంట్లో ఇలాంటివాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి అడగండి. తెలిసినంత చెబుతాం, తెలియకపోతే తెలియదంటాం. పోయి పడుకో అని మాత్రం అనం.